మా కోడ్ ఆయన ఫేస్‌బుక్ దాకా పోతదా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది నల్లగొండ. ఇంజినీరింగ్ చదివేటప్పుడు మేం ముగ్గురు దోస్తులం కలిసి 2021లో ఒక ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల) ప్రాజెక్టు మొదలుపెట్టాం. కంప్యూటర్లో దూప, బుగులు, యాష్ట, పైలం అని కొడితే కింద ఎర్రగీత పడుతుంది కదా. ఆ గీత పడకుండా నల్లగొండ, పాలమూరు మాటలు పోగేసి స్పెల్‌చెకర్‌కు పదాల ఫైలు తయారు చేస్తున్నాం. ఇప్పుడు ముప్పై అయిదు మంది దాకా పనిచేస్తున్నారు. నెలకోసారి క్లాక్ టవర్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్ హాల్లో కలుస్తాం. ఎవరో చెప్తే, మా ఫైళ్లు ఉండే గిట్‌హబ్‌లో బటన్ నొక్కి కోడ్ ఆఫ్ కండక్ట్ (సభ్యులు ఎట్లా మెలగాలో చెప్పే నియమావళి) ఫైలు కూడా పెట్టాం. నిజం చెప్పాలంటే దాన్ని పూర్తిగా చదవలేదు.

ఇప్పుడు లొల్లి అయింది. మాకు సీనియర్ ఒకన్న ఉన్నాడు. హైదరాబాద్‌లో మంచి కంపెనీలో చేస్తాడు. మా పుల్ రిక్వెస్టుల్లో (మేం పంపే మార్పుల్లో) సగానికి పైగా ఆయనే రివ్యూ చేసి మెర్జ్ చేస్తాడు, అంటే అసలు ఫైల్లో కలుపుతాడు. పోయిన నెల తన సొంత ఫేస్‌బుక్‌లో రిజర్వేషన్ల మీద వాదన పెట్టుకుని, ‘కోటాలో వచ్చినోళ్ల కోడ్ చూస్తేనే తెలుస్తది’ అని రాశాడు. మహబూబ్‌నగర్ నుంచి పనిచేసే ఒక చెల్లె ఆ స్క్రీన్‌షాట్ మా గ్రూపులో పెట్టి, ‘ఇగ నా కోడ్ ఈయనే చూడాల్నా?’ అని అడిగింది. ఆయనను తీసేయాలని కొందరు, ఫేస్‌బుక్ ఆయన ఇష్టమని కొందరు అంటున్నారు. ఆయనేమో ‘మీది కోడ్ ఆఫ్ కండక్టా, కుల పంచాయితీయా? నా గోడ మీద నేను రాసుకున్నదానికి మీకు జవాబు చెప్పాల్నా?’ అంటున్నాడు. అంతకుముందు ఒక మీట్ అయ్యాక చాయ్ హోటల్లో ఇంకో పిల్లగాడు మాట్లాడుతుంటే ‘పాలమూరు లేబర్ భాష’ అని నవ్వాడు కూడా. అప్పుడు మేం ఎవరం ఏమీ అనలేదు.

ఇంకోటి చిన్న విషయం. గ్రూపులో నంబరు చూసి ఒకడు మా టీంలో ఉన్న అమ్మాయికి రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడట. ఆమె దోస్తు వచ్చి చెప్పింది. అది వాళ్లిద్దరి పర్సనల్ కాబట్టి మేం కల్పించుకోలేదు.

మా కోడ్ ఎక్కడి దాకా పోతది అక్కా? ఆ అన్నను తీసేస్తే కంట్రిబ్యూటర్ల లిస్టులోంచి ఆయన పేరు కూడా తీసేయాలా? ఆదివారం మీటింగ్ ఉంది. టెన్షన్‌గా ఉంది.

— పేరు వేయొద్దన్న పాఠకుడు, నల్లగొండ

జవాబు:

తమ్ముడూ, చిన్న విషయం అని నువ్వు చివర్లో రాసినదాంతోనే మొదలుపెడతా. నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్దది అదే. ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే చూడాల్సింది కూడా అదే.

ఆ అబ్బాయికి ఆమె నంబరు ఎక్కడిది? మీ గ్రూపులోది. ఆమె ఆ గ్రూపులో ఎందుకుంది? పదాలు చేర్చడానికి. అతను ఆమెకు చుట్టం కాదు, క్లాస్‌మేట్ కాదు. మీ ప్రాజెక్టు తలుపు తీసి పెట్టింది కాబట్టే ఆమె ఫోన్ దాకా పోగలిగాడు. మెసేజ్ పర్సనల్ చాట్‌లో వచ్చినంత మాత్రాన అది వాళ్లిద్దరి విషయం అయిపోదు. ఇద్దరి విషయం అనాలంటే ఇద్దరికీ ఇష్టం ఉండాలి కదా. ఆమె దోస్తు మీ దాకా వచ్చి చెప్పిందంటే ఏమని అర్థం? ఇట్లాంటివి ఎట్లా ముగుస్తాయో చెప్పనా? ఒకరోజు ఆమె ఎవరికీ చెప్పకుండా గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోతుంది. పరీక్షలున్నాయేమో అని మీరనుకుంటారు. చాలా ఏళ్ల కింద నేనూ ఒక గ్రూపులోంచి అట్లనే లెఫ్ట్ అయ్యాను. నాకు పరీక్షలేం లేవు.

కాబట్టి ఆమెతో మాట్లాడండి, గ్రూపులో కాదు. నీతో చెప్పడం ఆమెకు ఇబ్బందైతే టీంలో ఇంకో అమ్మాయిని మాట్లాడమను. ఏం జరిగిందో, ఏం కావాలనుకుంటుందో ఆమెనే చెప్పనివ్వండి. మెసేజ్‌లన్నీ చూపించమని పట్టుబట్టకండి, రెండు మూడు చూస్తే చాలు. ఆమె చెప్పమంటే ఆ అబ్బాయికి రాతలో చెప్పండి: ఆమెకు ఇంకో మెసేజ్ పెట్టొద్దు, పెడితే గ్రూపులో ఉండవు, ప్రాజెక్టు ఫైళ్లుండే రెపోలో ఉండవు. ఆమె షీ టీమ్స్‌కు పోతానంటే మాత్రం ‘మనలో మనం చూసుకుందాం’ అనకండి. ఆ మాటతో ఊర్లల్లో ఎన్ని కప్పెట్టారో మనకు తెలుసు. ఇంకోటి, వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనపడతాయి. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. అటు మారండి.

ఇప్పుడు పరిధి సంగతి. మన జిల్లాలో కోడ్ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది ఎన్నికల కోడ్. 2022లో మునుగోడు ఉప ఎన్నిక అప్పుడు చాయ్ హోటళ్లలో కూడా అదే మాట, ‘కోడ్ ఉంది’ అని. ఆ కోడ్‌లో నాకు నచ్చేది ఒకటుంది. షెడ్యూలు ప్రకటించగానే మొదలవుతుంది, ఎన్నిక ముగియగానే పోతుంది. ఎక్కడ వర్తిస్తుందో, ఎవరికి వర్తిస్తుందో ముందే చెప్పేస్తారు. పాటించారా లేదా అన్నది వేరే కథ, అది మునుగోడు వాళ్లను అడిగితే నాకంటే బాగా చెప్తారు. కానీ కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో లొల్లి అయ్యాక వెతుక్కోవాల్సిన పని లేదు.

మీ ఫైల్లో కూడా ఆ మాట రాసే ఉంటుంది. మీరు చదవలేదంతే. గిట్‌హబ్ బటన్ నొక్కితే మీకు వచ్చింది కంట్రిబ్యూటర్ కవెనెంట్ అయి ఉంటుంది. కొరలైన్ అడా ఎమ్కీ 2014లో రాసిన నియమావళి అది. ఇప్పుడు లెక్కలేనన్ని ప్రాజెక్టులు దాన్నే వాడుతున్నాయి. పాత 1.4 వెర్షన్ అయినా, తర్వాత వచ్చిన 2.0 అయినా తెరిచి చూడు, పరిధి గురించి ఒక చిన్న పేరా కనపడుతుంది. ప్రాజెక్టుకు చెందిన చోట్లలో ఈ కోడ్ వర్తిస్తుంది. బయట అయితే, మనిషి ప్రాజెక్టు తరఫున నిలబడినప్పుడు వర్తిస్తుంది. ప్రాజెక్టు ఈమెయిల్ నుంచి రాయడం, అధికారిక ఖాతా నుంచి పోస్టు పెట్టడం, ఏదైనా సభకు ప్రతినిధిగా పోవడం అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. సొంత ఫేస్‌బుక్ ఆ ఉదాహరణల్లో లేదు. ఆయన తన ప్రొఫైల్లో మీ ప్రాజెక్టు పేరు రాసుకున్నా సరే, ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నాయన మాట్లాడే ప్రతి మాటా ఊరి మాట కాదు గదా. అక్షరం పట్టుకుని చూస్తే ఆ అన్న గెలిచాడు. ఆ పోస్టు మీ కోడ్ కిందికి రాదు.

అదే ఫైల్లో ఇంకోటి కూడా చూడు. ఫిర్యాదు ఎవరికి పంపాలో చెప్పే చోట, ‘ఇక్కడ ఈమెయిల్ పెట్టండి’ అనే అర్థంలో ఉన్న ఇంగ్లిష్ ముక్క బ్రాకెట్లతో సహా అట్లనే ఉందేమో. నేను చూసిన చాలా ఫైళ్లలో అట్లనే ఉంటుంది. ఆ చెల్లె ముప్పై అయిదు మంది ముందు స్క్రీన్‌షాట్ ఎందుకు పెట్టిందని ఆదివారం ఎవరైనా తప్పుపడితే, ఇంకెక్కడ పెట్టాలో మనం చెప్పామా అని అడుగు.

పరిధి ఎంతుండాలన్న దాంట్లో పెద్ద ప్రాజెక్టులకే ఒక మాట లేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ వాళ్లు 2018 సెప్టెంబరులో ఈ కవెనెంట్‌నే తీసుకున్నారు. దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ తన కటువైన ఈమెయిళ్లకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నది ఆ రోజుల్లోనే. మరుసటి నెలలో దానికి ఒక వివరణ పత్రం జత చేశారు. వేరే వేదికల మీద జరిగే మాటలను ఆ వేదికల నియమాలే చూసుకుంటాయి, మరీ తీవ్రమైతే తప్ప మా కోడ్ అక్కడికి రాదు అన్నది దాని సారాంశం. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ప్రాజెక్టుది ఇంకో దారి. మా చోట్ల బయట చేసిన పనులు కూడా లోపల పాల్గొనే అవకాశం మీద ప్రభావం చూపవచ్చు అని వాళ్ల కోడ్‌లో ఒక్క వాక్యం ఉంటుంది. చిన్న వాక్యమే, కానీ దాని చేయి చాలా పొడుగు.

నేను లినక్స్ వైపే మొగ్గుతాను, ఒక సవరణతో. ఎక్కడ జరిగింది అన్నది మొదటి ప్రశ్న, నిజమే. కానీ దాని తర్వాత ఇంకో ప్రశ్న ఉంది: అది మీ పనిలోకి వచ్చి కూర్చుందా? ఆ చెల్లె ఏమన్నదో మళ్లీ చదువు. ఆయన చెడ్డోడు అనలేదు. ఫేస్‌బుక్‌లోంచి ఆ పోస్టు తీయించండి అనలేదు. నా కోడ్ ఈయనే చూడాల్నా అని అడిగింది. మీ అందరి వాదనలకంటే ఆ ఒక్క ప్రశ్న సూటిగా ఉంది.

ఆయన ఏ పార్టీకి ఓటేశాడో, ఏ స్వామికి మొక్కాడో మీకు సంబంధం లేదు. రిజర్వేషన్లు వద్దని వాదించినా, నాకది ఎంత నచ్చకపోయినా, దాని మీద మీరు తీర్పు చెప్పలేరు. కానీ కోటాలో వచ్చినోళ్ల కోడ్ చూస్తేనే తెలుస్తది అన్నాయన చేతిలోనే వాళ్ల కోడ్‌ను మెర్జ్ చేసే బటన్, ఆపే బటన్ రెండూ ఉన్నాయి. సంగతి అక్కడ మారిపోయింది. పరీక్ష పేపర్లు దిద్దే సారు ‘ఫలానా హాస్టల్ పిల్లల పేపర్లు ముట్టుకుంటేనే తెలుస్తది’ అని పెళ్లి విందులో అన్నాడనుకో. బడిలో అనలేదు కదా అని ఆ పిల్లల పేపర్లు మళ్లీ ఆయనకే ఇస్తామా? ఆయన ఉద్యోగం తీసేయమని నేను అనట్లేదు. ఆ పేపర్ల కట్ట ఇంకొకరికి ఇవ్వమంటున్నాను.

మీరు చేయాల్సింది కూడా అదే. సభ్యుడిగా ఉండడం వేరు, రివ్యూ చేసే అధికారం వేరు. రెండింటినీ విడదీయండి. మామూలు కంట్రిబ్యూటర్ సొంత గోడ మీద ఏం రాసుకున్నాడో మీకు అక్కర్లేదు. మెర్జ్ అధికారం ఉన్న మనిషి, ఆ అధికారం ఎవరి మీద వాడతాడో వాళ్ల గురించే రాస్తే మాత్రం అడిగే హక్కు మీకుంది.

అడిగే ముందు ఒక పని చెయ్యి. ఆయన ఇప్పటిదాకా చేసిన రివ్యూలన్నీ రెపోలోనే ఉన్నాయి. ఎవరి పుల్ రిక్వెస్టు ఎన్ని రోజులు ఆపాడు, ఎవరిని ఏ మాటతో తిప్పి పంపాడు, ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది. ఆ చెల్లెవి కూడా చూడు. తేడా ఏమీ కనపడలేదనుకో, అది ఆయనకు అనుకూలమైన మాట, అందరి ముందూ చెప్పండి. తేడా కనపడిందనుకో, ఇగ ఫేస్‌బుక్ ఊసే అక్కర్లేదు. విషయం మీ రెపోలోనే జరిగింది, మీ కోడ్ కిందికి నేరుగా వస్తుంది. ఇంతమందిలో ఈ పని ఒక్కరైనా చేశారా? స్క్రీన్‌షాట్ మీద వారం రోజులు కొట్లాడడం సులువు. పాత పుల్ రిక్వెస్టులు తిరగేయడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

ఏది తేలినా ఆయన ఒక్కడే చూసి ఒక్కడే మెర్జ్ చేసే పద్ధతి ఆపండి. ఇద్దరు ఓకే అంటేనే మెర్జ్ అయ్యేట్టు గిట్‌హబ్‌లో సెట్టింగు ఉంది. ఫలానావాళ్లు నా కోడ్ చూడొద్దు అని ఎవరైనా అడిగితే కారణాలు తవ్వకుండా ఇంకొకరికి ఇవ్వండి. సగం మెర్జ్‌లు ఒక్కరి చేతిలో ఉండడం ఆ మనిషి బంగారమైనా మంచిది కాదు. రేపు ఆయనకు జ్వరమొస్తే మీ పదాలన్నీ ఆగిపోతాయి.

ఒక్క పోస్టుకే మనిషిని తీసేయాలని అంటున్న మీ దోస్తులకు రెండు పాత సంగతులు చెప్పు. 2015 జూన్‌లో, రూబీ కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చే ఓపల్ ప్రాజెక్టులో ఒక ముఖ్య డెవలపర్ తన సొంత ట్విట్టర్‌లో ట్రాన్స్‌జెండర్ మనుషుల గురించి కొన్ని మాటలు రాశాడు. ఆయనను తీసేయాలని ప్రాజెక్టు రెపోలోనే ఇష్యూ (ఫిర్యాదు చర్చ) తెరిచారు. తెరిచింది కవెనెంట్ రాసిన ఎమ్కీయే. ఆ మాటలు ప్రాజెక్టులో అనలేదు కదా అని ఒక పక్క, ఇట్లాంటి మాటలనే మనిషి ఉన్న చోటికి ట్రాన్స్ డెవలపర్లు ఎట్లా వస్తారని ఇంకో పక్క. ఎమ్కీ అడిగిన ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. కానీ ప్రాజెక్టుతో ఏ సంబంధం లేనివాళ్లు గుంపులుగా వచ్చి ఆ ఇష్యూ కింద కొట్లాడారు. ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. ఆ స్క్రీన్‌షాట్ మీ గ్రూపు దాటి ట్విట్టర్‌కు ఎక్కితే మీకూ అదే జరుగుతుంది.

రెండోది 2017 మార్చిలో, వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డ్రూపల్‌లో. ఏళ్ల తరబడి పనిచేసిన ఒక పెద్ద డెవలపర్ వ్యక్తిగత జీవితంలోని కొన్ని విషయాలు బయటికొచ్చాయి. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య ఉండే విషయాలవి. ప్రాజెక్టు అధినేత డ్రీస్ బైటార్ట్ ఆయనను తప్పుకోమన్నారు. బయటపెట్టలేని వేరే కారణాలూ ఉన్నాయన్నారు గానీ చాలామంది నమ్మలేదు. కమ్యూనిటీ రెండుగా చీలింది. ఆ వ్యవహారం వల్ల కలిగిన బాధకు తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే అక్కడ పరిధి దాటారు. ఆయన కోడ్ రివ్యూలకు, ఆయన పడకగదికి మధ్య ఏ తాడూ లేదు. మీ అన్న పోస్టుకు, ఆయన రివ్యూ బటన్‌కు మధ్య ఉంది. ఆ తేడా మర్చిపోకు.

ఇగ ఆయన అడిగిన ప్రశ్న: మీది కుల పంచాయితీయా? కులం మాట ఎత్తింది ఆయన, పంచాయితీ అన్నదీ ఆయనే. అయినా ఆ మాటను కొట్టిపారేయకు. వెలి వేయడమంటే ఏంటో మన ఊర్లల్లో అందరికీ తెలుసు. కిరాణంలో సామాను ఇవ్వొద్దు, కటింగ్ చెయ్యొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడినోళ్లకు జరిమానా. తప్పు ఒక్కడిదైనా ఇంటిల్లిపాదికీ శిక్ష. అక్కడ ఘోరం నలుగురు కూర్చుని విచారించడంలో లేదు. శిక్షకు హద్దు లేకపోవడంలో ఉంది. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా బిడ్డ పెళ్లి దాకా పోతుంది.

దానికి ఎదురుగా నాకు చెరువు కింది నీరడి గుర్తొస్తాడు. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేది ఆయనే. వంతు తప్పి నీళ్లు మళ్లించుకున్నోడికి నీళ్లు ఆపుతాడు. అంతే, అక్కడితో ఆయన పెత్తనం అయిపోయింది. ఆ రైతు కిరాణం ఆపలేడు, చుట్టరికాలు ఆపలేడు. మీరు నీరడి లాగా ఉండండి. మీరిచ్చినవే మీరు తీసుకోగలరు: మెర్జ్ అధికారం, గ్రూపులో చోటు, మీట్‌లో మైకు. ఫిర్యాదు ఎక్కడి నుంచైనా రావచ్చు గానీ మీ శిక్ష మాత్రం మీ ఆయకట్టు దాటొద్దు.

ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఒక సదస్సు కమిటీలో ఉన్నప్పుడు ఒకాయన మీద ఫిర్యాదు వచ్చింది. నిజమైన ఫిర్యాదే. ఆయన్ను మళ్లీ పిలవొద్దని అందరం ఒప్పుకున్నాం. అంతటితో ఆగలేదు. మాలో ఒకరు ఆయన పనిచేసే కంపెనీకి మెయిల్ పెట్టారు, సదస్సు పేరు మీదనే. పెట్టబోతున్నారని నాకు తెలుసు, నేను ఆపలేదు. ఆ తర్వాత ఏడాది దాకా ఎక్కడికి పోయినా ఆయన చేసిన తప్పు గురించి కాదు, మా మెయిల్ గురించే మాట్లాడారు. ఫిర్యాదు చేసిన అమ్మాయికి కూడా మా మీద కోపమొచ్చింది. తను అడగనిది మేం చేశాం. కాబట్టి మీ అన్న కంపెనీకి మెయిల్ పెడదామని ఆదివారం ఎవరో ఒకరు అంటారు చూడు, అప్పుడు నువ్వు గట్టిగా అడ్డం పడు.

ఆ చెల్లె తనకు తానుగా ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఫిర్యాదు చేసుకుంటానంటే అది వేరు. 1989 నాటి ఆ చట్టంలో నలుగురికీ తెలిసేలా చేసిన అవమానం గురించి ఉంది. ఈ పోస్టు దాని కిందికి వస్తుందా రాదా అన్నది పోలీసులు, కోర్టు చూసేది. మీరు తేల్చేది కాదు, ఆపేదీ కాదు.

ఇంకో హద్దు మీరు కోరినా దాటలేనిది ఉంది. మీది ఓపెన్ సోర్స్ లైసెన్సు. మనుషుల మధ్య తేడా చూపొద్దని, ఏ పనికి వాడినా అడ్డుపడొద్దని ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఉంది. రేపు ఆయన్ను నిజంగానే తీసేసినా ఆయన మీ పదాల ఫైలు వాడుకోవచ్చు, ఫోర్క్ చేసి (నకలు తీసుకుని) సొంతంగా నడుపుకోవచ్చు. లైసెన్సు వేరు, కోడ్ ఆఫ్ కండక్ట్ వేరు. ఎమ్కీ 2019లో హిపోక్రటిక్ లైసెన్స్ అని తెచ్చి, మానవ హక్కులకు హాని చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ వాడకుండా చూడాలనుకున్నారు. అది ఓపెన్ సోర్స్ లైసెన్సు కాదని ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ తేల్చి చెప్పింది. నాకైతే ఈ హద్దు ఉండడం నచ్చుతుంది. ఎవరిని తీసేసినా నిండా మునగరు.

చాయ్ హోటల్ సంగతి త్వరగా చెప్తా. మీట్ కోసం వచ్చారు, మీట్ అయ్యాక కలిసే పోయారు, మాట్లాడుకున్నదీ మీట్‌కు వచ్చినవాళ్లే. నా లెక్కలో అది మీట్‌లో భాగమే. ఆఫీసుల్లో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కూడా పని మీద పోయిన చోటును, యాజమాన్యం పెట్టిన బండిని పని స్థలంగానే లెక్కేస్తుంది. గోడలు చూసి పరిధి గీయదు. ఆ మాట అన్నందుకు పెద్ద శిక్ష అక్కర్లేదు. కవెనెంట్ 2.0లో నాలుగు మెట్లు రాసి ఉన్నాయి: ముందు సరిదిద్దడం, తర్వాత హెచ్చరిక, కొన్నాళ్లు దూరం పెట్టడం, చివరికి పూర్తిగా తీసేయడం. ఇది మొదటి మెట్టు. ఎవరో ఒకరు పక్కకు పిలిచి చెప్పాలి. ఆ రోజే చెప్పాల్సింది. దేశంలో ఎన్ని ఆనకట్టల కింద పాలమూరు కూలీల చెమట ఉందో పక్కన పెట్టు, పాలమూరు మాటలు పోగేసే ప్రాజెక్టులో కూర్చుని పాలమూరు మాట విని నవ్వడమేంది? ఆ పిల్లగాడు మళ్లీ మీట్‌కు వచ్చాడా? నీ ఉత్తరంలో రాయలేదు. కనుక్కో.

ఆదివారం ఎవరు కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. మీ ముగ్గురిలో ఎవరికైనా ఆ అన్న రిఫరల్‌తో ఉద్యోగం వచ్చి ఉంటే, లేదా రావాలని చూస్తుంటే, వాళ్లు ఈ విషయంలో కూర్చోవద్దు. మొహమాటంతో తీర్పు చెప్పలేరు. 2021 నవంబరులో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో తగాదాలు చూసే మోడరేషన్ టీం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. కోర్ టీం ఎవరికీ జవాబుదారీగా లేదు, వాళ్ల మీద కోడ్ అమలు చేయలేకపోతున్నాం అన్నది వాళ్ల బాధ. చిన్నోళ్లకు వర్తించి పెద్దోళ్ల దగ్గర ఆగిపోయే కోడ్‌కు పరిధి ఎంత రాసుకున్నా దండగ. మీ గ్రూపు బయటివాళ్లు ఒకరు, ఆ అన్నకు, ఆ చెల్లెకు ఇద్దరికీ తెలియనివాళ్లు, కూర్చుంటే మంచిది. స్వేచ్ఛ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ వాళ్లతోనో తెలుగు వికీపీడియా వాళ్లతోనో పరిచయం ఉంటే అడుగు. వికీపీడియాను నడిపే వికీమీడియా 2021లో ప్రకటించిన సార్వత్రిక నియమావళి తెలుగు వికీకి కూడా వర్తిస్తుంది. ఇట్లాంటి తగాదాలు వాళ్లకు కొత్త కాదు.

ఆదివారం ఎవరో ఒకరు ఆ అన్న పాత పోస్టులన్నీ తవ్వి తెస్తారు, చదువుకునే రోజులవి కూడా. వాటిని టేబుల్ మీదికి రానివ్వకు. ఆయన్ను ఈ పోస్టు గురించే అడగండి. సంజాయిషీ లాగా కాదు, ఒక్క ప్రశ్న: ఆమె కోడ్ మీరు రివ్యూ చేస్తే న్యాయంగా చేస్తారని ఆమె ఎట్లా నమ్మాలి? ఆయన ఏం చెప్తాడో విను. కోపంలో రాశానని ఆయనే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకుండా అదే మాట మీ హాల్లో మళ్లీ అంటే, ఇగ అది ఫేస్‌బుక్ మాట కాదు.

అంతా అయ్యాక ఫైలు మార్చండి. ఇంగ్లిష్‌లో అరువు తెచ్చుకున్నది ఉంచుకున్నా, పరిధి ఒక్కటి మీ తెలుగులో రాసుకోండి. ఇట్లా ఉండొచ్చు: ‘ఈ కోడ్ మా రెపోలో, గ్రూపుల్లో, మీట్‌లో, మీట్‌కు వచ్చిపోయే దారిలో వర్తిస్తుంది. ఇక్కడ దొరికిన నంబరుతో, పరిచయంతో ఎవరినైనా ఇబ్బంది పెడితే అది ఎక్కడ చేసినా వర్తిస్తుంది. సొంత ఖాతాల్లో ఎవరేం రాసుకున్నా మాకు సంబంధం లేదు. మెర్జ్ అధికారం ఉన్నవాళ్లు తాము రివ్యూ చేయాల్సిన మనుషుల మీద రాస్తే మాత్రం ఆ అధికారం గురించి అడుగుతాం. మేం తీసుకునే చర్య ఈ ప్రాజెక్టు లోపలే ఉంటుంది, ఎవరి ఇంటికీ, ఉద్యోగానికీ పోదు.’ మీకు నచ్చినట్టు మార్చుకోండి. బ్రాకెట్లో మాత్రం నిజమైన ఈమెయిల్ పెట్టండి.

చివరగా పేరు సంగతి. తీయొద్దు.  ఆయన చేసిన పని ఆయనదే. తీసేసినా గిట్ హిస్టరీలో (పాత మార్పుల చిట్టాలో) ఉండనే ఉంటుంది. ఆయన చేర్చిన పదాల్లో పాలమూరు మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, లేదా ఆదివారం మీటింగులో ఆయననే లెక్కపెట్టి చదవమను.